కడ్డీ మీద పన్నెండు ఎలుకలు

మొదటి మూడు తెల్ల ఎలుకల్ని తిరిగే కడ్డీ మీద నిలబెట్టి ముత్యాలప్ప చెయ్యి వెనక్కి తీసుకున్నాడు, హేమలత మేడం మీట నొక్కింది, గోడగడియారం పది దాటి ఐదు నిమిషాలు చూపించింది, ఇంక ఈ మూడు నిమిషాలూ ఎవరూ మాట్లాడకూడదు, దగ్గకూడదు, కుర్చీ జరపకూడదు, ఎందుకంటే చప్పుడైతే ఎలుక ఉలిక్కిపడి పడుతుంది, అప్పుడా పడటం దాని కాళ్ళ తప్పో మన నోటి తప్పో తేల్చడం ఎవరి తరమూ కాదు. కడ్డీ రోకలి పిడంత లావు, పైన రబ్బరు తొడుగు, ఎలుకకూ ఎలుకకూ మధ్య గుండ్రటి రేకు అడ్డం. అది నెమ్మదిగా తిరుగుతూనే ఉంటుంది, దాని మీది ఎలుక నడుస్తూ ఉంటేనే ఉన్నచోట ఉంటుంది, ఆగిందా, జానెడు కిందున్న పలక మీద పడుతుంది, పలక అదరగానే దాని గడియారం ఆగిపోతుంది. ఎన్ని సెకన్లు నిలిచింది అన్నదే లెక్క. మూడు నిమిషాలు నిలిస్తే గట్టి కాళ్ళు. మొదటిసారి చూసినప్పుడు ముత్యాలప్పకు నవ్వొచ్చింది, ఇదేం యంత్రమప్పా, మా కుందుర్పి పక్క సేద్యగాళ్ళని చూసి చేసినట్టుంది, ఏడాదంతా నడిచినా ఉన్నచోటే ఉంటారు, నిలబడితే మాత్రం పోతారు అనుకున్నాడు. ఆ మాట ఎవరితోనూ అనలేదు. ఫార్మసీ కాలేజీలో ఎలుకల గదికి కాపలా ఉండేవాడి మాటకు ఎవరు నవ్వుతారు.

మొదటి మూడూ తెల్ల టేపు పెట్టెలోవి. నెత్తిన పసుపు చుక్క ఉన్నది ఒకటి, వీపున ఉన్నది ఒకటి, తోక మొదట్లో ఉన్నది ఒకటి. ఆనవాలు కోసం ఆ పసుపు మందు పెట్టేది కూడా ముత్యాలప్పే, గొర్రెలకు ఎర్రరంగు పూసిన చెయ్యి అది, చుక్క ఒక్కటీ చెదరదు. ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ అతను గొర్రెల ముత్యాలప్ప. మంద పోయాక అనంతపురం వచ్చి ఈ గదిలో చేరి ఆరేళ్ళయింది, ఇప్పుడు పిల్లలంతా ఎలకల ముత్యాలప్ప అంటారు, పేరు ముందు జీవం మారింది గానీ పని మారలేదు. పొట్టు మార్చడం, మేత వేయడం, నీళ్ళు పెట్టడం, నలతగా ఉన్నదాన్ని నడకలోనే కనిపెట్టడం. అదిగో, నెత్తిచుక్కది వెనక కుడికాలు ఒక రవ్వ ఆలస్యంగా తీస్తూంది, అయినా పడదు, దానికి మొండితనం ఉంది. మేడం చేతిలో పెన్సిలు, ముందు కాగితం, కాగితం మీద గళ్ళు. మూడు నిమిషాలూ నిండాయి, మూడూ నిలిచాయి. అతను ఒక్కొక్కదాన్నీ తోక మొదట పట్టి అరచేతిలోకి ఎత్తుకుని పెట్టెలో వదిలి, ముందరి ఎలుక వాసన తరువాతిదానికి తగలకుండా స్పిరిట్ గుడ్డతో కడ్డీ తుడిచాడు.

తుడుస్తుంటే స్పిరిట్ చల్లదనం వేళ్ళకు తగిలి, బయట ఏప్రిల్ ఎండ కిటికీ రేకు మీద చిటపటమంటుంటే, వరుసగా మూడో కరువు కదా ఇది, కాలేజీకి కూడా ట్యాంకరే, చల్లనిదేదైనా తగిలితే నాయన గుర్తొస్తాడు. నాయన గుట్టల్లో నీళ్ళు నిలిచే దొన దగ్గర మందను ఆపి, తాను ముందు వంగి దోసిలితో ఒక గుక్క నోట్లో పోసుకుని, పుక్కిలించి, మింగి, అప్పుడు గానీ గొర్రెల్ని దిగనిచ్చేవాడు కాదు. ఎంత దప్పికగా ఉన్నా సరే, అవి ఒకదాన్నొకటి తోసుకుంటూ అరుస్తున్నా సరే. నీ నోటికి పట్టని నీళ్ళు నోరులేనిదానికి పెట్టగాకు రా, అది చెప్పుకోలేదు, పాపం నీకు తగుల్తాది అనేవాడు. కాపరి వంశంలో పుట్టినవాడికి ఇది ఒకరు నేర్పాల్సిన పని కాదు, తల్లిపాలతో వచ్చేదే. అందుకే ఆ రోజు, ఫిబ్రవరిలో, మేడం తెచ్చిన ఐదు లీటర్ల డబ్బా, నీలం మూత డబ్బా, మూత తీసి ఒక గుక్క తాగి చూశాడు. మేడం చెప్పింది స్పష్టంగానే చెప్పింది, నీలం టేపు పెట్టెలకు ఈ డబ్బా నీళ్ళు, తెల్ల టేపు పెట్టెలకు ఫిల్టర్ నీళ్ళు, పన్నెండు వారాలు ఒక్క రోజు కూడా తప్పకూడదు అని. ఎందుకో చెప్పలేదు, అతను అడగలేదు, ఆ గదిలో అడిగే అలవాటు లేదు. పది రోజులు చెప్పినట్టే పోశాడు. పదకొండో రోజు రెండో డబ్బా వచ్చింది, మొదటిదాన్ని తాగి చూడలేదే అన్న గుబులుతో దీన్ని తాగాడు. చౌటి నీళ్ళు, నాలుక మీద జిగురుగా నిలిచిపోయే నీళ్ళు. ఇవి యాడనో తాగినానే అనిపించింది, ఎక్కడో గుర్తు రాలేదు. ఎవడో చూసుకోకుండా చెడ్డ బావిలో ముంచి ఇచ్చుంటాడు, పాపం ఆయమ్మకేం తెలుసు, చదువుకున్న పిల్ల అనుకున్నాడు. ఆ రోజు నుంచి పన్నెండు ఎలుకలకూ ఫిల్టర్ నీళ్ళే పోశాడు. డబ్బా నీళ్ళతో గుడ్డ తడిపి నేల తుడిచాడు. ఎవరికీ చెప్పలేదు, చెప్పుకుంటే పుణ్యం కరిగిపోతుందంటారు.

తెల్ల పెట్టెలోని రెండో మూడు కడ్డీ మీద నడుస్తుండగా జయరాం సారు వచ్చాడు. మేడం చేసే పరిశోధనకు పెద్ద ఆయనే. మెత్తటి చెప్పులు, చప్పుడు చేయకుండా వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాడు, మూడు నిమిషాలూ అయ్యేదాకా నోరు విప్పలేదు, ఆ మర్యాద ఆయనకుంది. మూడూ నిలిచాయి. అప్పుడు అడిగాడు, ఇంక నీలం పెట్టెవా అని. అవును సార్ అంది మేడం, ఇవి పడాల, పడతాయి, పన్నెండు వారాలు అవే నీళ్ళు తాగినాయి కదా అంది. యా ఊరి నీళ్ళన్నావమ్మా అన్నాడు సారు, పేరు మరిచిపోయి. ముత్యాలప్ప కడ్డీ తుడుస్తున్నాడు.

"ఎద్దులగుంట సార్. నల్లమాడ పక్క. బడి కాడ బోరు."

చెయ్యి కడ్డీ మీదే ఆగిపోయింది. మేడం చెబుతూనే ఉంది, బయట బెంచీ మీద కూర్చున్న ఓబులేష్ ఆ ఊరి వార్డు మెంబరే సార్, ఈ పొద్దు సోమవారం కదా, కలెక్టరాఫీసులో అర్జీల దినం, మన కాగితం కోసం తొమ్మిదింటి నుంచీ కాచుకుని ఉన్నాడు, నీళ్ళలో ఫ్లోరైడ్ ఎంతుందో లెక్క ఇదివరకే ఇచ్చినారు సార్, ఆఫీసర్లు ఒప్పుకోలేదు, కొంచెం ఎక్కువుంటే ఏమయితాది, కాళ్ళనొప్పులు ముసలితనానికి రావా అన్నారంట, ఆ నీళ్ళు తాగిన జీవం కాళ్ళు ఏమయితాయో మనం చూపిస్తే ఆ బోరు మూసి వేరే ఊరి నుంచి పైపు వేస్తారంట అని. ఆ మాటలన్నీ ముత్యాలప్ప చెవిలో పడ్డాయి గానీ మొదటి మాట దగ్గరే అతని మనసు తెగి నిలిచిపోయింది. ఎద్దులగుంట. యాడనో తాగినానే అనుకున్న నీళ్ళు. బడి పక్కన ఇల్లు, ముందర రేకుల పంచ, పంచలో సత్తు చెంబు, అన్నా తాగు అని చెంబు చేతికిచ్చిన మారెక్క. చెల్లెలింటి నీళ్ళు తన నాలుకకే గుర్తు లేకపోయాయి.

నీలం పెట్టె మూత తీశాడు. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి, ఒకటి, రెండు, మూడు, కడ్డీ మీద నిలబెట్టాడు, మేడం మీట నొక్కింది, సారు చేతులు కట్టుకున్నాడు. మారెక్క తనకన్నా ఏడేళ్ళు చిన్న. గొర్రెల దొడ్డి రాతిగోడ మీద ఈ కొస నుంచి ఆ కొసకు చంకలో పిల్లగొర్రెను పెట్టుకుని కిందికి చూడకుండానే నడిచేసేది, అమ్మ కింద నిలబడి తిట్టినా దిగేది కాదు, పడితే కాలిరుగుతాది, ఎవడు చేసుకుంటాడే నిన్ను అనేది అమ్మ, ఎద్దులగుంటోడు చేసుకుంటాడులే అనేవాడు తను ఆటపట్టిస్తూ, అప్పటికే ఆ సంబంధం మాటల్లో ఉంది. అన్నట్టే అయింది. ఊరబావి ఎండిపోయాక బడి కాడ బోరు వేస్తే, నీళ్ళు పడిన రోజు ఊరంతా టెంకాయలు కొట్టి ఎగిరిందట, మారెక్కే చెప్పింది, అన్నా ఇంక మాకు కరువు లేదు అని. రెండేళ్ళ కిందట పోయినప్పుడు వాకిట్లో నిలబడి మారీ అని పిలిచాడు. అది తల తిప్పలేదు. మనిషి మొత్తంగా, అడుగులో అడుగు వేసుకుంటూ, ఇటు తిరిగింది. అన్న రాక రాక వస్తే ఇదేం బిగుసుకుపోవడమని కోపమొచ్చింది, తరువాత గానీ తెలియలేదు మెడ తిరగదని. మోకాళ్ళు ఒకదానికొకటి రాసుకుంటున్నాయి, గోడ పట్టుకుని నడుస్తూంది. ఏంలేదన్నా, వయసు మీద పడతాంది కదా అంది. నలభై మూడేళ్ళ మనిషి. పక్కింటామె కూడా అలాగే నడిచింది, ఎదురింటామె కూడా, బడి పిల్లలు నవ్వితే అందరి పళ్ళకూ గార చారలే. ఊరంతా అలాగే ఉంటే అది రోగమని ఎవరనుకుంటారు. తను కూడా అనుకోలేదు. కదిరి నుంచి తైలం తెచ్చిచ్చి, రుద్దుకో తగ్గుతాది అని చెప్పి, ఆ చెంబెడు నీళ్ళు తాగి, సంచి భుజాన వేసుకుని బస్సెక్కాడు.

నలభై సెకన్లు. మేడం కళ్ళు ఎలుకల మీదే ఉన్నాయి, పెదవి పళ్ళ మధ్య ఉంది. మూడు ఎలుకలూ నడుస్తున్నాయి. చక్కగా, తేలిగ్గా, వెనకకాలి వెంట ముందుకాలు, తోక నిటారుగా నిలబెట్టి, మంచినీళ్ళు తాగి పెరిగిన జీవాల నడక అది, ఏ కాపరికైనా కడుపు నిండే నడక. పడండి అన్నాడు ముత్యాలప్ప లోపల. పుట్టి బుద్ధెరిగాక ఒక జీవం పడాలని అతను కోరుకున్నది లేదు. గుట్ట ఎక్కుతూ జారిన పిల్లను ఎత్తుకోవడానికి పరుగెత్తిన కాళ్ళు ఇవి, ఈనలేక అల్లాడే గొర్రె పక్కన మూడు జాములు కూర్చున్న మనిషి తను, ఇప్పుడు ఇంత గది మధ్యలో నిలబడి పడు తల్లీ, ఒక్కటి పడు, నీకేం దెబ్బ తగలదు, జానెడే కదా అని వేడుకుంటున్నాడు. అవి వినలేదు. ఎందుకు పడతాయి, పడటానికి వాటికి తను ఏం కారణం మిగిల్చాడు. నిమిషం. నిమిషంన్నర. పుణ్యానికి పోతే పాపం ఎదురవడం అంటే ఇన్నాళ్ళూ ఊరికే అనే మాట అనుకున్నాడు. వీపుచుక్కది ఒక్కసారి అడుగు తప్పి కడ్డీని నాలుగు కాళ్ళతో కరుచుకుని దాంతోపాటే గిర్రున ఒక చుట్టు తిరిగింది. మేడం ముందుకు వంగింది. అలా కరుచుకుని రెండు చుట్లు తిరిగితే పడినట్టే లెక్క. చుట్టు పూర్తయ్యేలోగా ఎలుక మళ్ళీ పైకొచ్చి, ఒళ్ళు విదిలించుకుని, నడక అందుకుంది. మేడం వెనక్కి ఆనుకుంది.

మూడు నిమిషాలు. మూడు గళ్ళలో నూట ఎనభై, నూట ఎనభై, నూట ఎనభై. పెన్సిలు ఆ అంకెల్ని రాయడానికి ఇష్టపడనట్టు మెల్లగా కదిలింది. ముత్యాలప్ప ఎలుకల్ని ఎత్తి పెట్టెలో వదిలి, గుడ్డ తీసుకుని, కిందికి చూస్తే నేల మెరుస్తూంది. రోజూ ఆ నీళ్ళతో తుడిచిన నేల. ఆ నీళ్ళు ఊరికే రాలేదు. పదిరోజులకొకసారి మేడం తానే పోయి తెచ్చేది, అనంతపురంలో తెల్లవారి బస్సెక్కి, కొత్తచెరువులో దిగి, ఇంకో బస్సు పట్టుకుని, అక్కడి నుంచి ఆటో దొరికితే ఆటో, లేకపోతే నడక, తిరిగి వచ్చేటప్పుడు ఆ డబ్బా ఒళ్ళో పెట్టుకుని. కండక్టరు దాన్ని కింద పెట్టమంటే ఒలుకుతుందని వినలేదట, ఒకసారి నవ్వుతూ చెప్పింది, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు చూసినారన్నా అందరూ అని. ఎండకు కమిలిన మొహంతో, చున్నీతో మెడ తుడుచుకుంటూ డబ్బా అతని చేతికిచ్చి, జాగ్రత్తన్నా, దూరం నుంచి తెచ్చినా అనేది. ఏ ఊరి నుంచి అని ఒక్కసారి, ఒకే ఒక్కసారి నోరు తెరిచి అడిగుంటే. ఆమె అయినా చెప్పుంటే. ఎలుకలకు నీళ్ళు పోసేవాడికి ఊరి పేరెందుకని ఆమెకు తోచింది, చదువుకున్నవాళ్ళ పనిలో మనకేమని తనకు తోచింది. మధ్యలో నేల శుభ్రమైంది.

ఆఖరి మూడు ఎక్కాయి. కిటికీ వెలుగు వాటి చెవుల గుండా పడి చెవులు ఎర్రగా కనిపిస్తున్నాయి, గడియారం ముల్లు తిరుగుతూంది, చెప్పేద్దాం అనుకున్నాడు, చెబితే ఏమవుతుంది, ఉద్యోగం పోతుంది, పోనీ, యాభై రెండేళ్ళ వయసులో మళ్ళీ ఎవడి గొర్రెల వెంటో తిరగాలి, తిరుగుదాం, కానీ గొర్రెలెక్కడున్నాయి ఈ కరువులో, అది కాదు, ఆ పిల్ల మొహం చూడాలి, అది కష్టం. చెప్పకపోతే ఏమవుతుంది, ఏమీ కాదు. ఎవరికీ తెలియదు, ఎలుకలు చెప్పవు, నీళ్ళు ఇంకిపోయాయి. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని సాయంత్రం ఇంటికి పోవచ్చు. మేడం కాగితం రాసిస్తుంది, ఓబులేష్ అది తీసుకుపోయి కలెక్టరాఫీసులో ఇస్తాడు, అందులో ఏముంటుంది, ఈ నీళ్ళు తాగితే కాళ్ళకేమీ కాదు అని ఉంటుంది. పెద్ద చదువులవాళ్ళు రాసిన కాగితం. ఆఫీసర్లు ఆ కాగితాన్నే తిప్పి ఊరి మొహాన కొడతారు, ఇంక ఏ అర్జీ ఎవరు పట్టుకుపోయినా చూడరు. మారెక్క గోడ పట్టుకుని పోయి ఆ బోరు దగ్గరే బిందె పెడుతుంది. దాని మనవడు పెడతాడు. ఆ కాగితం మీద మేడం సంతకం ఉంటుంది గానీ రాసినవాడు మాత్రం తనే అవుతాడు. చదువు రాని ముత్యాలప్ప. నూట ఇరవై. నూట యాభై. వేలిముద్ర తప్ప ఎరగనివాడు ఒక ఊరి కాళ్ళను ఖాయం చేసినవాడవుతాడు. చెబితే మాత్రం మారెక్క మోకాళ్ళు మళ్ళీ నిటారవుతాయా, అవ్వవు. ఆ సంగతి తెలుసు. నూట ఎనభై.

ఒక్క ఎలుకా పడలేదు. ముత్యాలప్ప మూడింటినీ ఎత్తి పెట్టెలో వదిలాక కూడా యంత్రం తిరుగుతూనే ఉంది. చివరికి సారే మీట కట్టి, మేడం భుజం దాకా చెయ్యి తెచ్చి తట్టకుండా తీసేసుకుని, బాధపడగాకమ్మా, ఏమీ కాలేదన్నది కూడా ఫలితమే, ఉన్నది ఉన్నట్టు రాసి బయటున్న ఆయనకు ఒక కాపీ ఇచ్చి పంపించు అన్నాడు. క్లాసుకు బెల్లు కొట్టింది, ఆయన వెళ్ళిపోయాడు. మేడం కుర్చీలో కూర్చుని తెల్ల కాగితం తీసి, పైన ఊరి పేరు రాసింది. ముత్యాలప్ప చేతిలో ఇంకా స్పిరిట్ గుడ్డ ఉంది. దాన్ని మడత పెట్టి బల్ల మీద ఉంచాడు.

"మేడం, ఆ కాగితం రాయగాకండి."

ఆమె తలెత్తింది. ఏమో అలసిపోయి అన్నాడనుకుంది, వినీ విననట్టు చూసింది. అతను నేల చూస్తూ చెప్పాడు, నీలం పెట్టెల్లోకి ఆ నీళ్ళు పోయలేదని, తనే మార్చాడని, మొదటి పది దినాలు తప్ప ఒక్క పొద్దు కూడా పోయలేదని. ఆమె అరుస్తుందనుకున్నాడు, అరిస్తే బాగుండు, ఏడుస్తుందనుకున్నాడు, ఏడిస్తే తట్టుకోలేడు. ఆమె చేసిందేమిటంటే పెన్సిలు మొన మీద నిలబెట్టి, అది పడేదాకా చూసి, మళ్ళీ తీసి నిలబెట్టింది.

"ఏంటికన్నా?"

"తాగి చూసినా మేడం. బాగలేవు. నోరులేనివి గదా, నా చేత్తో పోయలేకపోతి."

ఆమెకు కోపం వచ్చింది, ఆ కోపం కళ్ళలోకి వచ్చి, ఎక్కడ నిలవాలో తెలియక అక్కడే తడిగా మిగిలిపోయింది. తరువాత వేళ్ళు మడిచింది, మే, జూన్, జులై. ఈ నెలతో తన స్కాలర్‌షిప్పు అయిపోతుందని, గడువు అడగాలంటే కారణం రాయాలని, సారుకు అతని పేరు చెప్పక తప్పదని, ఉంచుతారో తీసేస్తారో తన చేతిలో లేదని మెల్లగా, ఒక్కొక్క మాటా చెప్పింది. చెప్పండి మేడం అన్నాడు. ఆమె ఇంకొక మాట అడిగింది, మళ్ళీ మొదలుపెడితే, నిన్ను ఉంచితే, ఈసారి ఆ నీళ్ళే పోస్తావా అని. ఈ రోజుదాకా ఆమె అతన్ని ఏదీ అడిగింది లేదు, అన్నీ చెప్పిన పనులే. ముత్యాలప్పకు దొన, దోసిలి, నీళ్ళు కారే నాయన గడ్డం కనిపించాయి. కళ్ళు మూసుకుంటే అవి పోవని తెలుసు గనుక మూసుకోలేదు.

"మా చెల్లెలు ఆ ఊర్లోనే ఉండాది మేడం. పోస్తా."

బయట బెంచీ మీద ఓబులేష్ కాళ్ళు బారజాపుకుని కూర్చుని ఉన్నాడు. ఉదయం అతనికి నీళ్ళిచ్చినప్పుడే ముత్యాలప్ప ఆ కాళ్ళు చూశాడు, మోకాళ్ళు మడవకుండా కూర్చున్నాడేమి ఈ మనిషి, ఎంత మర్యాద తెలియనివాడు అనుకున్నాడు. వీళ్ళు రావడం చూసి అతను బెంచీ అంచు పట్టుకుని, ఒక పక్కకు ఒరిగి, గోడను ఆనుకుని లేచాడు. మేడం కాగితం ఈ పొద్దు రాదని, తమ దగ్గరే పొరపాటు జరిగిందని, మళ్ళీ మొదటి నుంచి చేయాలని, పన్నెండు వారాలు పడుతుందని చెప్పింది. అతను ఏం పొరపాటని అడగలేదు. ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి అడగడం మానేసిన మనిషిలా ఉన్నాడు. చేతిలోని అర్జీని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుంటూ ఒక్కటే అన్నాడు.

"అంతవరకూ మేము ఆ నీళ్ళే తాగాల్నా మేడం?"

ముత్యాలప్ప ముందుకొచ్చి తప్పు తనదని, తాను మారెక్క అన్ననని చెప్పాడు. ఎందుకు చెప్పాడో అతనికే తెలియదు, తిట్టించుకోవాలని కాబోలు. ఓబులేష్ అతన్ని తిట్టలేదు. కాస్త దగ్గరికి వచ్చి, మెడ తిప్పలేక మనిషంతా తిరిగి, అతని మొహంలోకి చూశాడు.

"మారెక్క అన్నవా నువ్వు. ఆయమ్మ లేస్తా లేదు గదప్పా. ఉగాది నుంచీ మంచంలోనే ఉండాది. నీకు చెప్పలేదా ఎవరూ?"

ఎవరూ చెప్పలేదు. ఉగాది పోయి నెల కావస్తూంది. ఆ నెలంతా తను ఇక్కడ ఏం చేశాడో అతను ఒక్కొక్క రోజుగా గుర్తు తెచ్చుకున్నాడు, పొట్టు మార్చాడు, మేత వేశాడు, మంచినీళ్ళు పోశాడు, నేల తుడిచాడు. ఓబులేష్ గోడ వెంట గేటు దాకా పోవడానికి చాలాసేపు పట్టింది. అతను మలుపు తిరిగేదాకా ఇద్దరూ అక్కడే నిలబడ్డారు, తరువాత మేడం, సారు ఏమన్నా సరే ఈ పొద్దే మొదలుపెడదాం, ఒక్క దినం కూడా పోగొట్టొద్దు అంది.

ఎలుకల గదిలో పై వరుస పెట్టెలో పన్నెండు కుర్ర ఎలుకలున్నాయి, వచ్చే నెల వేరే పనికని మేడమే కడ్డీ మీద నడక నేర్పి ఉంచినవి. అందులో ఆరింటిని విడదీయమంది. బలహీనంగా ఉన్నవి వద్దు, పడితే నీళ్ళ వల్లనే పడాల, కాళ్ళు బాగున్నవాటినే తియ్యి, నడక చూసి చెప్పడం నీకన్నా ఎవరికి తెలుసు అంది. అందులో ఎగతాళి లేదు. ముత్యాలప్ప కొత్త పొట్టు పరిచి, పెట్టెకు నీలం టేపు అతికించి, పై పెట్టె మూత తీసి చెయ్యి లోపల పెట్టాడు. చెయ్యి వస్తే మేతో నీళ్ళో వస్తాయని అవి ఎరుగును, బెదరలేదు, మూలల్లో నుంచి పరుగెత్తుకొచ్చి వేళ్ళు వాసన చూసి ఒకదాన్నొకటి తోసుకుంటూ అరచేతిలోకి ఎక్కాయి. అతను వాటిలో గట్టివాటిని ఏరాడు. ఆరూ అయ్యాక నీలం మూత డబ్బాలో మిగిలిన నీళ్ళు సీసాలో పోసి, బిరడా బిగించి, బోర్లించి పెట్టెకు తగిలించాడు. ఒక ఎలుక అప్పుడే ముందుకాళ్ళు పైకెత్తి గొట్టానికి నోరు పెట్టింది. సీసాలో చిన్న బుడగ ఒకటి పైకి లేచింది. ముత్యాలప్ప మొహం తిప్పుకోకుండా, అది తాగడం అయ్యేదాకా చూస్తూ నిలబడ్డాడు.